ఓమా ఊరి వరద

మొన్న గోదారి తగ్గాక పంచాయతీ ఉద్యోగి ఒకాయన ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని మా లంకలోకి వచ్చాడు. వరద ఏ ఇంటికి ఎంత ఎత్తు వచ్చిందో గోడల మీద గీతలు గీయమని పైనుంచి ఆర్డరట. మా వీధి గోడ మీద నడుం ఎత్తున బురద చార కట్టి ఉంటే, దాని వెంబడే గీత లాగి పక్కన ఏడాది వేశాడు. ఆ గీత చూడగానే నాకు నవ్వొచ్చేసింది. అరుగు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకునేంత నవ్వు. ఇంట్లో సామానంతా మేడెక్కి ఉంది, తడిసిన బియ్యం పులిసిన వాసన కొడుతోంది, ఈవిడకి నవ్వెలా వస్తోందని ఆయన కంగారుపడ్డాడు. మా ఆయన సూరిబాబు పార పక్కన పెట్టి, "ఏం లేదండీ, మా ఆవిడకి జర్మనీ గుర్తొచ్చింది" అన్నాడు. దాంతో ఆయన కంగారు ఇంకా పెరిగింది.

నేను జర్మనీ వెళ్ళలేదు. విమానం కిటికీలోంచి కూడా చూడలేదు. కానీ ఆ దేశంలో ఒక నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు నాకు ఇంటింటా తెలుసు. ఏ సందులో దిగితే రేవు వస్తుందో, చర్చి గంట ఎందుకు బొంగురుగా మోగుతుందో, కింది వీధివాళ్ళకీ పై వీధివాళ్ళకీ ఎందుకు పడదో అడగండి, కళ్ళు మూసుకుని చెప్తాను. ఊరి పేరు మాత్రం అడక్కండి. అది నా నోటికి ఏనాడూ లొంగలేదు. నేను 'ఓమా ఊరు' అనేదాన్ని, ఇప్పటికీ అంతే అంటాను. ఆ ఊరు నేను నేర్చుకున్నది మస్కట్‌లో, ఖురం అనే పేటలోని ఒక విల్లా వంటింట్లో, ఉల్లిపాయలు తరుగుతూ.

మస్కట్‌ని పెద్ద తుఫాను ముంచి వెళ్ళిన మరుసటి ఏడు నేను అక్కడ వంటకీ ఇంటిపనికీ ఉన్నాను. జర్మన్ కుటుంబం. సార్ సోహార్ పోర్టు పక్కన ఏదో ప్లాంటులో ఇంజనీరు, వారమంతా అక్కడే ఉండి బుధవారం సాయంత్రానికి ఇల్లు చేరేవారు, అప్పట్లో అక్కడ సెలవులు గురు, శుక్రవారాలు. ఇల్లూ పిల్లలూ మేడం చూసుకునేవారు. కారు నడపడానికి కడప నుంచి వచ్చిన ఖాదర్ భాయ్ ఉండేవాడు, గేటు పక్క గది అతనిది. నాకప్పుడు కొత్తగా పెళ్ళయింది. సూరిబాబు ఇక్కడ రేవులో పంటు మీద ఇంజను చూసుకునేవాడు. గోదారి మీద మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు మీద పని అంటే వరదల్లో ఉండదు, నీళ్ళు అడుగంటినప్పుడూ ఉండదు. అందుకని నేనే ముందు బయల్దేరాను. ఫోను కార్డు గీకి కాపురం చేసే పెళ్ళాన్ని అయిపోయాను. మేడంకి తోట పనికీ, నీళ్ళ మోటార్లకీ ఒక మనిషి కావాలని తెలిశాక ధైర్యం చేసి అడిగాను. ఆవిడ కాదనలేదు. "ఈ చలికాలం మా అత్తగారు వస్తున్నారు. ఆవిడని సంబాళించుకుని ఇల్లు సవ్యంగా నడుపు, మీ ఆయన వీసా సంగతి చూద్దాం" అన్నారు. ఇల్లు నడపడం నాకు కష్టం కాదు. సంబాళించడం అన్న మాట ఆవిడ ఎందుకు వాడారో నాకప్పుడు తెలియలేదు.

ఆ అత్తగారే ఓమా. వాళ్ళ భాషలో నాయనమ్మని అలా పిలుస్తారట, పిల్లల్ని చూసి నేనూ అదే అలవాటు చేసుకున్నాను. గుమ్మం నిండుగా ఉండే మనిషి. విమానం దిగిన రోజే పెట్టెలోంచి సొంత చిన్న చాకు, సొంత ఏప్రన్ తీసుకుని వంటింట్లో బల్ల దగ్గర స్థిరపడిపోయింది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అంతంతమాత్రమే, అందుకే ఒకరి మాట ఒకరికి శుభ్రంగా అర్థమయ్యేది. మొదటి ప్రశ్న, "ఇక్కడ నది ఎటువైపు?" నది లేదన్నాను. నమ్మలేదు. నది లేకుండా జనం ఊరు ఎక్కడ కట్టుకోవాలో ఎలా తేల్చుకున్నారని నిలదీసింది. చివరికి ఖాదర్ భాయ్ కారులో తీసుకెళ్ళి దగ్గర్లోని వాదీ చూపించాడు. వాదీ అంటే వానొస్తే పారే వాగు, మిగతా రోజుల్లో ఉత్త రాళ్ళు. ఓమా దాని మధ్యలో నిలబడి, ముళ్ళ కంపలు నములుతున్న మేకల్ని చూసి, "నీళ్ళేవి?" అంది.

"వస్తాయి మా, వచ్చినప్పుడు వస్తాయి. పోయినేడు తుఫానుకి వచ్చి కార్లు గీర్లు అన్నీ ఎత్తుకపోయినాయి. మన గేటు కాడికి వచ్చినాయి, సూడండి" అని ఖాదర్ భాయ్ మెడ దాకా చెయ్యి పెట్టి చూపించాడు. ఓమా మొహం ముడుచుకుంది. వరద వచ్చినందుకు కాదు, తను లేనప్పుడు వచ్చినందుకు. ఇంటికొచ్చాక కూడా, "నాకు చెప్పకుండా వచ్చి వెళ్ళిపోయింది" అని చుట్టం మీద అలిగినట్టు అలిగింది.

రోజూ పది గంటలకి కాఫీ. ఆ కాఫీ వాసనా, నేను వేసే పోపు వాసనా, పక్కింటి ఒమానీ వాళ్ళు వాకిట్లో వేసే సాంబ్రాణి వాసనా కలిసి వంటింట్లో తిరుగుతుండగా ఓమా బల్ల మీద ఊరు పరిచేది. నీలం చారల తువ్వాలు మెలితిప్పి పెడితే నది, మోచెయ్యి వంచినట్టు ఊరిని చుట్టి పోయేది. వెనక బంగాళాదుంపల గుట్ట, ద్రాక్ష తోటల కొండ. ఆ కొండ ఎంత నిటారంటే నడుముకి తాళ్ళు కట్టుకుని కాయలు కోస్తారట. మిరియాల డబ్బా చర్చి. కాఫీ కూజా శిథిలమైన కోట. ఆ కోటలో పూర్వం ఒక దొర ఉండి, నదికి అడ్డంగా ఇనప గొలుసు కట్టి, వచ్చే పోయే పడవలన్నిటి దగ్గరా సుంకం గుంజేవాడట. "మా రేవు పాటదారు కూడా అంతే" అన్నాను. ఓమా తల పంకించి, ఆ గొలుసు కథ మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. సైన్యాలు వచ్చి చర్చి గంటని కరిగించి ఫిరంగి చేసుకుపోతే ఊరంతా ఇత్తడి చెంచాలు పోగుచేసి కొత్త గంట పోయించుకున్నారట, అందుకే దాని గొంతు అలా ఉంటుంది. కథ మధ్యలో నేను మరిచిపోయి కూరలోకి మిరియాల డబ్బా ఎత్తానో, "చర్చి! చర్చి!" అని కేకలు పెట్టేది.

తువ్వాలుకి అవతలి వైపు ఇంకో ఊరు. దానికి ఎప్పుడూ ఉల్లి తొక్కలే పెట్టేది. అవతలి ఒడ్డు వేరే దొరది, వేరే మతం, వేరే కొలతలు. రైలు వస్తే స్టేషను అవతల కట్టారు. అది చాలదన్నట్టు, ఓమాకి పెళ్ళయి పిల్లలు పుట్టాక ప్రభుత్వం రెండు ఊళ్ళనీ కలిపి ఒకే మున్సిపాలిటీ చేసి, ఆఫీసు తీసుకెళ్ళి ఉల్లి తొక్కల్లో పెట్టింది. ఇంటిపన్ను కట్టాలంటే శత్రువు గడప తొక్కాలి. ఓమా వెళ్ళేది, కట్టేది, ఆ ఒడ్డున మంచినీళ్ళు కూడా ముట్టకుండా తిరిగొచ్చేది. ఈ మాట చెప్పినప్పుడు ఆమె కళ్ళలో ఎంత తృప్తి ఉండేదో!

నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆ నది ఎంత వెడల్పని అడిగితే, అవతల ఎవరు బట్టలు ఆరేశారో ఇక్కడినుంచి కనిపిస్తుందంది. "దాన్ని మా ఊళ్ళో కాలవ అంటారు" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, మీ నదికి కోట ఉందా, గొలుసు ఉందా, మంచు గడ్డలు కొట్టుకొస్తాయా అని వరసపెట్టింది. మంచు గడ్డల దగ్గర నేను ఓడిపోయాను. అసలు యుద్ధం పంటు మీద జరిగింది. ఓమా తండ్రి అక్కడి రేవులో పంటు నడిపేవాడట. దానికి ఇంజను లేదు, తెడ్డు లేదు. నదికి అడ్డంగా కట్టిన ఇనప తాడుకి పంటుని తగిలించి కాస్త ఏటవాలుగా తిప్పితే, ప్రవాహమే తోసుకుంటూ అవతలికి తీసుకెళ్తుందట. ఇది ఫోనులో చెప్తే సూరిబాబు కొట్టిపడేశాడు.

"ఇంజను లేకుండా పంటు ఎలా ఎల్తదే? ఎవరో నిన్ను ఎర్రిదాన్ని చేత్తన్నారు."

ఆ మాట ఓమాకి చేరవేశాను. "మీ ఆయనకి చెప్పు, ఇంజను పెట్టుకుంటే ఎవడైనా దాటుతాడు" అంది. అది సూరిబాబుకి చేరింది. అతను రాత్రంతా ఆలోచించి, మర్నాడు తాడు ఎంత లావుంటుందో కనుక్కోమన్నాడు. మొగుడూ పెళ్ళాలం మాట్లాడుకోవాల్సిన ఫోను కార్డులన్నీ ఆ తాడు కిందే ఖర్చయిపోయాయి. ఒకరినొకరు చూడకుండానే వాళ్ళిద్దరూ పాత స్నేహితుల్లా పోట్లాడుకునేవారు. నా మొగుడు ఎలా ఉన్నాడు, తిన్నాడా లేదా అన్నది మాత్రం అతను ఓమాకి జవాబు చెప్పే సందులోనే నేను తెలుసుకోవాల్సి వచ్చేది.

ఓమా ఇల్లు కింది వీధిలో. నది పొంగితే ముందు తడిసేది ఆ వీధే. గుమ్మం పక్క రాతి గోడ మీద తరతరాల వరదలకి గీతలు చెక్కి, పక్కన ఏళ్ళు వేసి ఉంటాయట. అన్నిటికంటే పెద్ద గీత గుమ్మం కంటే ఎత్తున ఉంది. ఆ రోజుల్లో రొట్టెలవాడు పడవలో వచ్చి మేడ కిటికీలోకి రొట్టె అందించేవాడు. వరద కబురు రాగానే వాళ్ళు చేసే మొదటి పని వింటే నేను ఆశ్చర్యపోయాను. ఇంటి కింద గదిలో, అంటే సెల్లారులో ఉన్న సామాను పైకి చేర్చి, కుళాయి తిప్పి, సెల్లారు నిండా వాళ్ళే నీళ్ళు పెట్టేస్తారు.

"మా ఊళ్ళో నీళ్ళు రాకుండా చూసుకుంటాం, మీరు చేతులారా పోసుకుంటారా?" అన్నాను.

ఓమా ఓపిగ్గా చెప్పింది. ఖాళీ సెల్లారు అయితే చుట్టూ నేలలో ఊరిన నీళ్ళు కింద నుంచి తన్ని గచ్చు పగలగొడతాయి. లోపల మంచినీళ్ళు నిండి ఉంటే ఆ తాకిడికి ఈ బరువు సరిపోతుంది, పైగా నది తన బురద తీసుకుని లోపలికి రాలేదు. వరద తగ్గాక తోడేసుకుంటే చాలు. బురద అన్న మాట దగ్గర నేను పడిపోయాను. వరద పోయాక ఇంట్లో మిగిలే ఒండ్రు ఎత్తిపోయడం ఎంత నరకమో లంకలో పుట్టిన ఆడదానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంత తెలివైన ఊరు అనుకున్నాను.

చలికాలం చివర్లో మేడం పిల్లల్ని తీసుకుని వారం రోజులు దుబాయి వెళ్ళారు. వెళ్తూ, "ఇల్లు నీ చేతుల్లో పెడుతున్నాను సత్యవతీ. నేను వచ్చాక మీ ఆయన కాగితాలు మొదలుపెడదాం" అన్నారు. ఆ మాటకి నేను గాల్లో తేలాను. మర్నాడు పొద్దున్నే చూస్తే నగరం వెనక నల్ల కొండల మీద మబ్బులు కమ్మి ఉన్నాయి. టీవీలో భారీ వర్షం అన్నారు. ఓమాకి కుడి మోకాలి నొప్పి మొదలైంది. ఆ మోకాలు వాళ్ళ ఊళ్ళో ఏ వరదనీ తప్పు చెప్పలేదట. నాకూ గాలి వాలకం నచ్చలేదు. ఖురంలో అంతా కార్లు కడుక్కుంటూ, పార్కులో నడుస్తూ ఉంటే, మేమిద్దరం మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇల్లు నా చేతుల్లో ఉంది, గేటు దాకా నీళ్ళు వచ్చిన ఇల్లు అది. గచ్చు పగిలి బురద నిండితే సూరిబాబు వీసా అందులోనే కలిసిపోతుంది. కొంగు బిగించాను.

ఆ విల్లాకీ కింద సెల్లారు ఉంది, ముందు అందులో సామాను పైకి చేర్చాం. జాం సీసాలు, బంగాళాదుంపలు, మడత కుర్చీలు, సార్ మంచు మీద జారే కర్రలు. ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా మంచులేని దేశానికి ఆయన వాటిని ఎందుకు తెచ్చుకున్నారో నాకు నేటికీ తెలియదు. హాలంతా సంత అయింది. తర్వాత తోట పైపు లాగి సెల్లారులోకి వదిలాను. మెట్లు తడవకముందే మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయింది. ఓమా వెంటనే నీళ్ళ ట్యాంకరుకి ఫోను చెయ్యమంది. అప్పుడు వచ్చాడు ఖాదర్ భాయ్.

"యా అల్లా! ఏం జేస్తాండావు పాపా? నీళ్ళు రాకముందే ఇంట్లోకి నీళ్ళు పెట్టేది యాడన్నా ఉందా?"

"బురద రాకుండా, భాయ్."

"ఏ బురద? ఆకాశం సూడు, మబ్బు పోతాండాది. ఆమెంటే ముసలామె, నీకేమైంది?"

"మీ కడపోళ్ళకి వరద సంగతి ఏం తెలుసు?" అన్నాను. అది అతన్ని బాగా నొప్పించింది. ఫోను తీసి ట్యాంకరు పిలిచి, కుర్చీ వేసుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. ట్యాంకరువాడు సెల్లారు కిటికీలోకి పైపు దూర్చి, కొత్త స్విమ్మింగ్ పూలా అని అడిగాడు. నీళ్ళు సగం మెట్లు ఎక్కాక ఓమా చెయ్యెత్తి ఆపించింది. చేతికర్రతో లోతు చూసుకుని, నా భుజం తట్టింది. ఆ క్షణం నాకు గర్వంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

మధ్యాహ్నానికి వాన వచ్చింది. కారు మీద దుమ్ములో చుక్కలు పడేంత వచ్చింది. సాయంత్రానికి ఎండ కాసింది. ఖాదర్ భాయ్ అరచేయి చాపి ఆకాశానికి చూపించి, అక్కడి అరబ్బులు అన్నట్టే "మాఫీ మతర్" అన్నాడు. వాన లేదు అని. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. సెల్లారులో మాత్రం అద్దం లాంటి నీళ్ళు, అందులో మేం మరిచిపోయిన ఒక బంగాళాదుంప తిరుగుతూ ఉంది. సూరిబాబు ఫోను చేసి ఇనప తాడు గురించి కొత్త ప్రశ్న వేస్తే ఏడుపు ఆగలేదు. చెప్పేశాను. అతను అంతా విన్నాడు. తర్వాత, "పోనీలే, ముసలావిడ చెప్పింది నిజమే కదా, బురద రాలేదు" అన్నాడు. అతన్ని పెళ్ళి చేసుకున్నందుకు మొదటిసారి నాకు నిజంగా సంతోషం వేసింది.

బుధవారం సార్ వచ్చారు. హాల్లో మంచు కర్రలు దాటుకుని, సెల్లారు తలుపు తీసి, పై మెట్టు మీద నిలబడిపోయారు. ఓమా వెనకనుంచి, "శుభ్రమైన నీళ్ళే" అంది. ఆయన మెల్లగా బూట్లు విప్పి, నీళ్ళ దాకా మెట్లు దిగి కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టారు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో వరద కబురు రాగానే కుళాయి తిప్పే పని ఆయనదేనట. తల్లీ కొడుకూ అలా పక్కపక్కనే కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు. నేను బతికిపోయాననుకున్నాను.

మేడం వచ్చేదాకా. ఆవిడది పట్నం, నది లేదు, సెల్లారు ఆచారం లేదు. అన్నీ విని, మనుషుల్ని పిలిపించి నీళ్ళు తోడించి, నన్ను హాల్లో నిలబెట్టారు. ఇల్లు చేతుల్లో పెడితే ఇదా నిర్వాకం అన్నారు. మీ ఆయన విషయం ఇక మరిచిపో అన్నారు. అప్పుడు ఓమా తన ఏప్రన్ విప్పి, మడతపెట్టి, సోఫాలో కూర్చుంది. ఈ ఇంట్లో నీళ్ళ సంగతి తెలిసిన మగవాడు ఒక్కడూ లేకపోవడం వల్లే ఇలా జరిగిందంది. పంటు మీద పనిచేసినవాడు ఉండి ఉంటే మబ్బు చూసి చెప్పేవాడంది. అలాంటివాడు వచ్చేదాకా ఈ ఇల్లు వదలడం తనకి భయంగా ఉందంది. వేసవి ఇక్కడే గడుపుతానంది.

మేడం మొహం చూడాలి. వంటింట్లో చర్చీ కోటా, ఇక వేసవంతా కూడా! పక్కకి వెళ్ళి సార్‌తో ఏదో గబగబా మాట్లాడారు. ఆ వారమే సూరిబాబు పాస్‌పోర్టు కాపీ అడిగారు. కాగితాలు కదిలాయని రుజువు చూపించాకే ఓమా టిక్కెట్టు తీసుకుంది. విమానాశ్రయంలో నన్ను కావలించుకుని చెవిలో, "మోకాలు నిజంగానే నొప్పి పుట్టింది" అంది.

సూరిబాబు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. వాళ్ళిద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. తర్వాతి చలికాలం ఓమా రాలేకపోయింది, ఆ తర్వాత ఇక లేదు. మేం అక్కడే ఏళ్ళపాటు పనిచేసి, లంకకి తిరిగొచ్చి మేడ వేసుకున్నాం. ఇప్పుడు గోదారి ఎంత వస్తోందో గంటగంటకీ ఫోనులో చూసుకోవచ్చు, మోకాళ్ళని ఎవరూ అడగరు. మంచిదే. కానీ వరద వస్తోందంటే పక్కన కూర్చుని సరదాగా ఎదురుచూసే మనిషి లేని లోటు ఏ ఫోనూ తీర్చదు. కొన్నాళ్ళ కిందట సార్ ఒక ఫోటో పంపారు. ఓమా ఇంటి గోడ. నేను విన్నట్టే గీతలన్నీ ఉన్నాయి. అన్నిటికీ కింద, చీలమండ ఎత్తులో, కొత్తగా చెక్కిన చిన్న గీత, పక్కన మస్కట్ అని వాళ్ళ అక్షరాలు. ఊరికి వెళ్ళగానే ఓమా రాతిపనివాణ్ణి పిలిచి చెక్కించిందట. చూడ్డానికి వచ్చినవాళ్ళు అదేం వరద అని అడుగుతుంటారట.

ఇదంతా అరుగు మీద కూర్చుని చెప్పేసరికి పంచాయతీ ఆయన కుంచె ఎండిపోయింది. నేను ఆ కుంచె అడిగి తీసుకుని రంగులో ముంచి, ఎర్ర గీతకి బాగా కింద, గడప పక్కన ఇంకో గీత గీశాను. మస్కట్ అని రాశాను. ఇది రిపోర్టులో ఎలా రాయాలమ్మా అన్నాడాయన. రాయొద్దన్నాను. సూరిబాబు వెనక నిలబడి చూసి, "ఇంకాస్త పైకి గియ్యవే, సగం మెట్లు ఎక్కాయి కదా" అన్నాడు.

"నువ్వొచ్చేసరికి తోడేశారు. నువ్వెక్కడ చూశావు ఆ నీళ్ళు?"

"చూడకపోతే ఏంటంట? నన్ను అక్కడికి దాటించింది ఆ నీళ్ళే కదే. ఇంజను కూడా లేకుండా."